హావ్‌స్టెన్ కిటికీలో ఎండ

పెట్టె మూత లేచింది. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ. గుడ్డలో ఖంజర్.

ముర్తుజా సాహెబ్ దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. బరువు చూశాడు. ఒరలోంచి కత్తి లాగాడు. అంతే, ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"ఇది ఆ ఖంజర్ కాదు," అన్నాడు హిందీలో. "మత్రా బజార్లో టూరిస్టులకు అంటగట్టే రేకు ఇది."

1993 ఆగస్టు. మస్కట్‌లోని రూవీ. ఉదయం తొమ్మిదైంది. బయట ఎండ మాడు పగలగొడుతోంది. ఆఫీసులో ఏసీ హోరుమంటున్నా అక్కడున్న ఐదుగురికీ చెమటలు పట్టాయి.

పోయింది మామూలు వస్తువా? సూర్ పట్నంలో తరతరాలుగా ఓడలు కట్టించిన కుటుంబానిది. నడుముకు కట్టుకునే వంకీ కత్తి. వెండి ఒర, ఖడ్గమృగం కొమ్ము పిడి. ముత్తాతల నాటిది.

నార్వేలో హావ్‌స్టెన్ అని ఒక చిన్న పాత రేవు పట్నం ఉంది. అక్కడ ఏటా చెక్క పడవల పండగ చేస్తారు. ఈసారి సూర్‌లో కట్టిన పడవ కూడా రావాలని పిలిచారు. పంపే పని ముర్తుజా సాహెబ్ కంపెనీ నెత్తికెత్తుకుంది. అక్కడి అతిథులకు పంచడానికి మత్రా బజారు ఖంజర్లు కూడా కొన్ని కట్టి పంపింది. పడవ పక్కన ప్రదర్శనకు పెడదామని ఆయన ఆ ముత్తాతల ఖంజర్‌ని నోటిమాట మీద అడిగి తెచ్చాడు. ఇచ్చిన పెద్దలు ఈ సాయంత్రమే తీసుకుపోవడానికి వస్తున్నారు.

"పొద్దుగూకి మగ్రిబ్ నమాజయ్యే దాకా టైమిస్తున్నా, ఖమరుద్దీన్," అన్నాడు సాహెబ్. "ఆ లోపు దొరికిందా సరే. లేదంటే పోలీసులకు ఫోన్ చేస్తా. పెట్టెకు మేకులు కొట్టిన మనిషిని అప్పజెప్తా."

మేకులు కొట్టిన మనిషి ప్రసాద్ బాబు. కంపెనీ వడ్రంగి. ఊరు ధవళేశ్వరం. ఆ మాట వినగానే అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఖమరుద్దీన్ కంపెనీ సెక్యూరిటీ ఇన్‌ఛార్జ్. అంతకుముందు కడపలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్. చెయ్యెత్తకుండా, గొంతు పెంచకుండా నిజం కక్కిస్తాడని జిల్లా అంతా చెప్పుకునేవాళ్లు. ఆ ఇన్‌స్పెక్టర్ గారు ఇప్పుడు గొంతు సవరించుకుని ఒక చిన్న మనవి చేసుకున్నాడు.

"సాహెబ్, ఈ కేసు నాకొద్దు. నార్వే పోయినోళ్లలో మా కమ్రాన్ ఉన్నాడు."

కమ్రాన్ ఆయన చెల్లెలు వజీరున్నీసా కొడుకు. అంతేనా, ఆయన కూతురు సమ్రీన్ మొగుడు కూడా. మేనల్లుడే అల్లుడయ్యాడు. కంపెనీలో ఇంగ్లిష్ మాట్లాడే పనులన్నీ అతనివే.

"మీ అల్లుడు సాక్షి," అన్నాడు సాహెబ్ విసుగ్గా. "దొంగని నేనన్నానా? కూర్చోండి. స్టేట్‌మెంట్లు తీసుకోండి."

హావ్‌స్టెన్ వెళ్లింది ముగ్గురే. పడవ నడిపే నాఖుదా జుమా, ప్రసాద్ బాబు, కమ్రాన్.

ముందుగా కమ్రాన్‌ని పక్క గదిలోకి పిలిచాడు ఖమరుద్దీన్. కమ్రాన్ తను తీసిన ఫొటోలు కూడా తెచ్చాడు. అవి బల్ల మీద పరిచాడు.

బొమ్మల్లో ఊరు చూడముచ్చటగా ఉంది. కొండ వాలున తెల్లటి చెక్క ఇళ్లు. సందుల్లో రాళ్లు పరిచిన మెట్లు. ఒడ్డున ఎర్రరంగు వేసిన పాత గోదాములు, ఒకప్పుడు ఎండు చేపలు దాచినవట. వాటి ముందు నీళ్లలో మన సూర్ పడవ, చుట్టంచూపుగా వచ్చిన మనిషిలాగా కాస్త బెరుగ్గా నిలబడి ఉంది. ఇంకో ఫొటో హోటల్ గది కిటికీలోంచి తీసింది. సాయంత్రపు సూర్యుడు సముద్రం మీద ఉన్నాడు.

"చెప్పప్పా. ఆఖరి రోజు ఏమైంది?"

"ఐదింటికి పండగ అయిపోయింది మామూ. అప్పటికి అసలు ఖంజర్ గాజు పెట్టెలోనే ఉంది. ముగ్గురం చూసినాం."

"ఆ తర్వాత?"

"జుమా చాచా పడవను క్రేన్‌కు ఎక్కించే దగ్గరికి పోయినాడు. ప్రసాద్ గోదాములో సామాను ప్యాక్ చేస్తా ఉన్నాడు. నేను సాయంత్రం అసర్ నమాజుకు హోటల్‌కు పోయినా."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

"పెట్టెకు మేకులు ఎప్పుడు పడినాయి?"

"ఆరింటికి. నేను తిరిగొచ్చేసరికి కొడతా ఉన్నాడు."

"అంటే ఐదుకూ ఆరుకూ మధ్య ఖంజర్ దగ్గర ప్రసాద్ ఒక్కడే."

కమ్రాన్ తల దించుకున్నాడు. "చెప్పాలంటే మనసు రావట్లేదు మామూ. పాపం పెళ్లాంబిడ్డలు ఉన్నోడు."

"చూసింది చెప్పు."

"నమాజు చివర్న సలాం తిప్పినా. ఎదురుగా కిటికీ. ఎండ సూటిగా కళ్లల్లో కొడతా ఉంది. నమాజు మొత్తం అట్లనే కొట్టింది. తెర లాగుదామని లేచినా. కింద ప్రసాద్ గోదాములోంచి బయటికొచ్చినాడు. చంకలో గుడ్డ చుట్టిన మూట. చేపల బజారు సందులోకి పోయినాడు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అనుమానం రాలే. తినేదేమో అనుకున్నా."

ఖమరుద్దీన్ రాసుకున్నాడు. మనసులో బరువు దిగింది. దాచడం దేనికి, అల్లుడు సాక్షిగానే మిగిలినందుకు అల్లాకు శుక్రియా చెప్పుకున్నాడు. పనివాళ్ల మధ్య తెలుగు అర్థం చేసుకోవడం నేర్చిన ముర్తుజా సాహెబ్ కూడా గుమ్మం దగ్గర నిలబడి విని తల ఊపాడు. ఎండ దగ్గర్నుంచి మూట దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు కుర్రాడు. ఇంకేం కావాలి?

తర్వాత ప్రసాద్ బాబు.

"గోదాములోంచి బయటికొచ్చినావా, లేదా?"

"వచ్చానండి."

"చంకలో ఏముంది?"

"ఏం లేదండి బాబూ. ఉత్త చేతులు."

"ఎక్కడికి పోయినావు?"

"చర్చికండి."

"చర్చికా?"

"ఆయ్. మేం లూథరన్ మిషను వాళ్లమండి. ఆ ఊళ్లోదీ లూథరన్ చర్చే. మా తాత చిన్నప్పట్నుంచీ చెప్పేవాడండి, ఆ దేశాల్లో మన మతం వాళ్లే అంతానని. నాలుగు రోజులున్నా గడప తొక్కలేదు. ఆఖరి రోజన్నా ప్రార్థన చేసుకుందామని వెళ్లానండి."

"ఖంజర్‌ని గాలికొదిలేసినావా?"

"అదేంటండీ! మఖమల్ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. కమ్రాన్ గారు అక్కడే ఉన్నారు. కాస్త చూస్తుండండి అన్నాను. సరే వెళ్లిరా అన్నారు. వచ్చాక గుడ్డ విప్పి చూడలేదండి. మూత పెట్టి మేకులు కొట్టేశాను. నా బుద్ధి గడ్డి తింది."

"కమ్రాన్ హోటల్లో ఉన్నానంటున్నాడే?"

ప్రసాద్ బాబు గుమ్మం వైపు చూశాడు. అతనికి ఆ మాట ఇప్పుడే తెలిసింది.

"చర్చిలో నిన్నెవరన్నా చూసినారా?"

"ఎవరూ లేరండి. లోపల పైకప్పునుంచి ఒక చెక్క ఓడ వేలాడదీశారు. తెరచాపల్తో సహా. దాని కింద కూర్చున్నాను. నా పిల్లల్ని తలుచుకున్నాను. అంతేనండి."

"ఆ ఓడను ముందు రోజే చూసి ఉండొచ్చు," అన్నాడు గుమ్మంలోంచి సాహెబ్. "ఇదీ ఒక ఎలిబైయేనా?"

ప్రసాద్ బాబు చేతులు జోడించాడు.

మధ్యాహ్నానికి అతని భార్య మణికుమారి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ తెల్లచీరలోనే పరుగెత్తుకొచ్చింది. మెట్ల మీద ఖమరుద్దీన్‌కు అడ్డం పడింది.

"అన్నయ్యగారూ, ఆయన చీమకు హాని తలపెట్టే మనిషి కాదు. మీకు తెలుసు కదా!"

"తెలుసమ్మా. తెలిసిందాన్ని కోర్టు తీసుకోదు."

"జైల్లో వేస్తారా?"

ఆయన అబద్ధం చెప్పలేకపోయాడు. "సాక్ష్యం బలంగా ఉందమ్మా."

"ఎవరి సాక్ష్యం?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. అర్థమైంది.

"మీ అల్లుడుగారిదా?" అంది. "అయితే ఇంకేం న్యాయం జరుగుతుంది మాకు!"

ఆ మాట ఖమరుద్దీన్‌కు చురుక్కున తగిలింది. పోలీసు ఉద్యోగంలో ఎన్ని శాపనార్థాలు విన్నాడో లెక్కలేదు. అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అన్నం సయించలేదు. టీ తాగి జుమాను పిలిచాడు.

జుమా సూర్ మనిషి. బొంబాయి రేవుల్లో నేర్చిన హిందీ మాట్లాడతాడు.

"ఖంజర్ మీద ఎవరన్నా కన్నేశారా నాఖుదా?"

"ఒక ముసలాయన. పాత కత్తులు పోగేసే పిచ్చి ఉందట. రోజూ వచ్చి గాజు పెట్టె ముందు నిలబడేవాడు. కమ్రాన్‌తో చాలాసేపు మాట్లాడేవాడు."

"ఆఖరి రోజు?"

"రాలేదు. ఏదో జబ్బుచేసి ఆసుపత్రిలో పడ్డాడని చెప్పారు. కమ్రాన్ రెండుమూడు సార్లు రోడ్డు దాకా వెళ్లి చూసొచ్చాడు."

ఖమరుద్దీన్ కలం ఆగింది. మళ్లీ కదిలింది. ఇంగ్లిష్ వచ్చినవాడితోనే కదా ఎవరైనా మాట్లాడతారు, అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనసు ఎంత మంచి వకీలో!

మూడుముప్పావు. అసర్ వేళ.

ఆఫీసు మేడ మీద చిన్న నమాజు గది ఉంది. ఖమరుద్దీన్, కమ్రాన్ పక్కపక్కన నిలబడ్డారు. మస్కట్ నుంచి మక్కా పడమటి దిక్కే. గది కిటికీ కూడా పడమటి దిక్కే. ఎండ తెర సందులోంచి దూసుకొచ్చింది. సూటిగా కళ్లల్లో కొట్టింది.

రోజూ కొట్టే ఎండే. కడపలోనూ అంతే. అసర్‌కు నిలబడితే మొహం మీద పడమటి ఎండ. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అలవాటు.

ఖమరుద్దీన్ పెదాల మీద నమాజు మధ్యలో ఆగింది.

నార్వే మక్కాకు ఏ దిక్కున ఉంది? పైన. ఉత్తరాన. అక్కణ్ణుంచి మక్కా వైపు తిరగాలంటే ఎటు తిరగాలి?

సజ్దాలో ఆయన నుదురు చాప మీదే ఉండిపోయింది. కమ్రాన్ నమాజు ముగించి లేచి వెళ్లిపోయాడు. ఖమరుద్దీన్ లేవలేదు. "యా అల్లా, నేను అనుకున్నది తప్పు కావాలి" అని ఏడ్చాడు. అవును, ఏడ్చాడు. కడప సర్కిల్ ఇన్‌స్పెక్టర్.

నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలీదు. సాక్ష్యం ఉంది, సస్పెక్ట్ ఉన్నాడు, కేసు క్లోజ్. సమ్రీన్ కాపురం చల్లగా ఉంటుంది. చెల్లెలు వజీరున్నీసా కళ్లల్లో నీళ్లుండవు. ప్రసాద్ బాబు ఎవరు? ఎక్కడి ధవళేశ్వరం, ఎక్కడి కడప?

కిందికి దిగాడు. మెట్ల మీద మణికుమారి అలాగే కూర్చుని ఉంది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కోప్పడి తప్పించుకునేవాడేమో.

ఐదింటికి అందర్నీ సాహెబ్ గదిలో కూర్చోబెట్టాడు. మణికుమారిని కూడా పిలిచాడు.

"కమ్రాన్, ఒకటి రెండు సందేహాలు. అంతే."

"అడుగు మామూ."

"హోటల్ గదిలో నువ్వు, జుమా చాచా ఉన్నారు. నమాజుకు చాప యాడ పరిచినారు?"

"కింద. మంచాల మధ్య."

"రోజూ తీసి రోజూ పరిచేదా?"

"లేదు మామూ. మొదటి రోజు చాచా పరిచిందే. మళ్లీ తీయలే."

"ఆఖరి రోజు అసర్ కూడా ఆ చాప మీదే చేసినావా?"

"దాని మీదే."

"జరపలేదు కదా? బాగా గుర్తు తెచ్చుకో."

"జరపలే. ఎట్ల ఉన్నది అట్లనే."

ఖమరుద్దీన్ జుమా వైపు తిరిగాడు.

"నాఖుదా, చాప ఏ దిక్కుకు పరిచారు?"

"పడవ దిక్సూచి గదికి తెచ్చి మరీ చూశాను," అన్నాడు జుమా. "అక్కణ్ణుంచి మక్కా ఆగ్నేయం మూల. తలుపు పక్కన గోడ వైపు పరిచాను."

"కిటికీ?"

"వీపు వెనక. సముద్రం, కిటికీ, అన్నీ వెనకే."

కమ్రాన్ మొహం పాలిపోయింది.

ఖమరుద్దీన్ ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఆ గది కిటికీ. సాయంత్రం ఎండ ఇందులోంచే వస్తుంది. నిజమే. కానీ ఆ చాప మీద నిలబడినోడికి ఎండ వీపు మీద పడుతుంది. కళ్లల్లో పడదు. నమాజు మొత్తం ఎండ కళ్లల్లో కొట్టిందన్నావు. సలాం తిప్పితే ఎదురుగా కిటికీ అన్నావు. అది హావ్‌స్టెన్‌లో కాదప్పా. మన కడపలో. ఈ రూవీలో. చేయని నమాజును చేసినట్టు చెప్పబోయి, పుట్టినప్పట్నుంచీ చేసిందాన్నే చెప్పినావు. నువ్వు ఆ గదిలో లేవు. ప్రసాద్‌ని చూడనూ లేదు."

"మామూ!"

"ప్రసాద్ చర్చికి పోయినప్పుడు నువ్వు గోదాములో ఉన్నావు. మత్రా బజారు ఖంజర్లు అక్కడి అతిథులకు ఇచ్చేందుకు మీతోనే వచ్చినాయి. ఒకటి గుడ్డలో పెట్టినావు. అసలుది తీసినావు. ఆ ముసలాయనకు అమ్ముదామని. ఆయన రాలే."

కమ్రాన్ దిగ్గున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఎండ సంగతి తప్పు చెప్తే దొంగనైపోతానా? ఏదో మరిచిపోయినా! వస్తువు చూపించు మామూ. యాడుంది వస్తువు?"

ముర్తుజా సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. "అదీ నిజమే, ఖమరుద్దీన్. సరుకు లేకుండా..."

ప్రసాద్ బాబు మణికుమారి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఖమరుద్దీన్ వైపే చూస్తున్నారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టినవాడి గతేమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

"ఫోన్ ఇటివ్వండి సాహెబ్," అన్నాడు ఖమరుద్దీన్. "అమ్ముడుపోని సరుకు మనిషితోనే తిరిగొస్తుంది."

కమ్రాన్ ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. జుమా అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. తెడ్లు వేసిన చెయ్యి. కమ్రాన్ కదల్లేకపోయాడు.

దార్సైట్ పేటలో కమ్రాన్ ఫ్లాట్‌లో ఫోన్ మోగింది. సమ్రీన్ ఎత్తింది.

"బేటీ, నేను. నార్వే నుంచి వచ్చిన సూట్‌కేసు యాడుంది?"

"మంచం కింద ఉందబ్బా. తాళం వేసి పెట్టినాడు. స్వెట్టర్లు ఉన్నాయంట."

"తాళం పగలగొట్టు."

"ఏమైందబ్బా?"

"పగలగొట్టి లోపల ఏముందో చూడు. నేను లైన్లోనే ఉంటా."

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత ఇనుము మీద ఇనుము. ఒక దెబ్బ. మళ్లీ ఒకటి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

గదిలో అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఆయన ఎవర్నీ చూడలేదు. రిసీవర్‌ని చెవికి అదిమి పట్టుకున్నాడు.

"అబ్బా," అని తండ్రిని పిలిచింది సమ్రీన్. గొంతు మారిపోయింది. "వెండి ఒర. వంకీ కత్తి. స్వెట్టర్లో చుట్టి పెట్టినాడు."

ఆయన గోడ వైపు తిరిగాడు.

"ఇది ఎవరిదబ్బా?"

"మనది కాదు."

అవతల ఊపిరి వినిపిస్తోంది. తెలివైన పిల్ల. పోలీసు కూతురు. విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

"ఆయన అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అబ్బా..." గొంతు బాగా తగ్గించింది. "దొరకలేదని చెప్పనా?"

ఒక్క మాట చాలు. 'లేదంట సాహెబ్' అంటే చాలు. కమ్రాన్ ఆయన పెదాల వైపే చూస్తున్నాడు. మణికుమారి కూడా.

ఖమరుద్దీన్ కళ్లు మూసుకున్నాడు.

"టాక్సీ ఎక్కి ఆఫీసుకు తీసుకురా, బేటీ."

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఇచ్చేసినాక నేను యాడికి పోవాల్నబ్బా?"

ఆయన రిసీవర్‌ని రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"నీ బట్టలు గూడా సర్దుకోని రా."

ఫోన్ పెట్టేశాడు. ముర్తుజా సాహెబ్ వైపు తిరిగి, "దొరికింది సాహెబ్. ప్రసాద్ బాబును ఇంటికి పంపించండి," అన్నాడు.